పచ్చి కోడిపెంటతో పాలకూర మడి మాడిపోయాక

ఆకుకూరలకు ముఖ్యంగా కావాల్సింది నత్రజని, అది కోడిపెంటలో దండిగా ఉంటుంది అన్న ఒక్క మాట పట్టుకుని, పచ్చి పెంట తెచ్చి నేరుగా పాలకూర మడిలో కలిపేశాను. నాలుగో రోజుకే ఆకుల అంచులు ఎర్రబడి ఎండాయి, వారం తిరిగేసరికి మడి మొత్తం పోయింది. ఒక మొక్క పీకి చూస్తే వేరు కొస గోధుమ రంగులో మెత్తబడి, వేళ్ల మధ్య నలిపితే చితికిపోయింది. పచ్చి పెంటలోంచి అమ్మోనియా ఒక్కసారిగా విడుదలవుతుంది, లవణాలూ ఎక్కువే, లేత వేళ్లు ఆ ఘాటుకు తట్టుకోలేవు. ఎంత బాధపడ్డానో!

రెండోసారి ఓపిక పట్టాను. ఎండుటాకులు, రంపపు పొట్టు ఎక్కువగా, పెంట తక్కువగా పొరలు పొరలుగా వేసి తడిపి కుప్ప పెట్టాను. మూడో రోజు థర్మామీటర్ గుచ్చితే 60 డిగ్రీలు చూపించింది, సంతోషమేసింది. ఎందుకంటే 55 డిగ్రీల పైన వేడి కొన్ని రోజుల పాటు నిలిస్తేనే సాల్మొనెల్లా, ఈ.కోలి లాంటి రోగాలు తెచ్చే బ్యాక్టీరియా చస్తాయి, అదీ అంచుల్లో ఉన్నది మధ్యలోకి వచ్చేలా కుప్పను పదేపదే తిరగేస్తేనే. ఆకుకూర నేలను ఆనుకుని పెరుగుతుంది, కొన్నిటిని పచ్చిగానే తింటాం, అందుకే ఇక్కడ మాత్రం తొందర పనికిరాదని గట్టిగా చెబుతాను. బాగా మాగడానికి మూడు నెలలు దాటింది.

బోన్ మీల్ (ఎముకల పొడి) కూడా వేశాను కానీ తేడా ఏమీ కనిపించలేదు. అందులో ఉండేది ఎక్కువగా భాస్వరం, అదీ చాలా నెమ్మదిగా కరుగుతుంది, క్షార నేలల్లో అయితే మరీను. నెల రోజుల్లో కోసేసే పంటకు అది అందేదెప్పుడు? పైగా వాసనకు కుక్కలు వచ్చి మడి తవ్వేశాయి. బ్లడ్ మీల్ (ఎండబెట్టిన రక్తం పొడి) మాత్రం పనిచేసింది. అందులో నత్రజని 12 శాతం దాకా ఉంటుంది కాబట్టి తోటకూర మొదటి కోత అయ్యాక చదరపు మీటరుకు 50 గ్రాములు మించకుండా చల్లి, మట్టిలో కలిపి నీళ్లు పెట్టాను, రెండో కోతకు ఆకు ముదురు పచ్చగా, వెడల్పుగా వచ్చింది. పొడి చల్లేటప్పుడు మాస్క్ పెట్టుకోండి.

ఎరువు మాగిందో లేదో తెలియాలంటే ఒక గుప్పెడు తడిపి, మూత బిగించిన డబ్బాలో రెండు రోజులు ఉంచి వాసన చూడండి. మట్టి వాసన వస్తే వాడుకోవచ్చు. ఇప్పుడు పెట్టిన కొత్త కుప్పలోది ఇలాగే ఉంచి నిన్న నేను మూత తీస్తే ఇంకా ముక్కు మండింది, అందుకే మెంతులు ఇంకా చల్లలేదు.