గుమ్మం బయట

పొద్దున్నే తమ్ముడి ఫోన్. ఆదివారం ఆరాధన అయ్యాక తప్ప వాడు మామూలుగా ఫోన్ చేయడు. మంగళవారం, అదీ నేను వంటింట్లో ఉన్న వేళ మోగిందంటేనే ఏదో ఉందనిపించింది. పిల్లల గురించి అడిగాడు, నా మోకాలి నొప్పి అడిగాడు, బావ ఎలా ఉన్నారని రెండుసార్లు అడిగాడు. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అక్కా, ఒక సంతకం కావాలి."

ష్యూరిటీ సంతకం. ఉన్న అప్పులు తీర్చడానికి ఇంకో పెద్ద అప్పు తీసుకుంటాడట. పెడతానని అనలేదు, పెట్టనని అనలేదు. "సాయంత్రం ఇంటికి రా, కాగితాలన్నీ తెచ్చుకో" అన్నాను. ఆ తర్వాత చేతులు పని చేస్తూనే ఉన్నాయి గానీ మనసు ఇంట్లో లేదు.

సంతకం అంటే నాకు భయం. చాలా ఏళ్ల క్రితం ఒక స్నేహితురాలికి పెట్టాను. ఆమె మోసం చేసే మనిషి కాదు. ఉద్యోగం పోయింది, వాయిదాలు ఆగిపోయాయి. ఫోన్లు నాకు రావడం మొదలైంది. ఆమె కట్టకపోతే ఆ బాకీ అంతా నా బాకీయే అవుతుందని, ఆ సంతకానికి అర్థమే అదని నాకు అప్పుడు తెలిసింది. మేమే కట్టాం. డబ్బు సంగతి ఎప్పుడో మర్చిపోయాను. కానీ నన్ను చూసి ఆమె రోడ్డుకు అవతలి వైపుకి వెళ్లిపోయేది, అది మర్చిపోలేదు. ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పాటల పుస్తకం పట్టుకుని పాడినవాళ్లం. ఫర్వాలేదని నేను ఎన్నిసార్లు చెప్పినా ఆమె నా మొహంలోకి చూడలేకపోయింది. పొరుగువాడికి పూటపడితే, అంటే వాడి అప్పుకు హామీ ఉంటే, వేటగాడి చేతిలోంచి లేడి తప్పించుకున్నట్టు తప్పించుకోమని బైబిల్లో సామెతలు 6వ అధ్యాయం చెబుతుంది. కళ్లకు నిద్ర కూడా రానివ్వొద్దంటుంది. అంత గట్టిగా ఎందుకు చెప్పిందో అనుకునేదాన్ని. ఆ తర్వాత ఎప్పుడూ అనుకోలేదు.

మధ్యాహ్నం ఆయనతో మాట్లాడాను. సంతకం వద్దు, ఇవ్వగలిగినంత ఇచ్చేద్దాం అన్నారు. ఎంత అన్నదానికి మాత్రం చాలాసేపు పట్టింది. నేను ఎక్కువ చెప్పాను, ఆయన తగ్గించారు. చివరికి ఒక కొలత దొరికింది: అది ఎప్పటికీ తిరిగి రాకపోయినా, తమ్ముడు మా ఇంటికి వచ్చినప్పుడు మా ఇద్దరి మనసులో ఆ డబ్బు గుర్తు రాకూడదు. అంతవరకే ఇవ్వాలి. లూకా 6వ అధ్యాయంలో అప్పివ్వమని చెప్పే చోట తెలుగు బైబిల్లో "ఎట్టి వారిని గూర్చియైనను నిరాశ చేసికొనక" అని ఉంటుంది. ఆ మాట నాకు ఎంతో ఇష్టం. డబ్బు మీద ఆశ వదులుకోవచ్చు, మనిషి మీద మాత్రం వదులుకోకూడదు.

సాయంత్రం వచ్చాడు. ఒక కవరు నిండా కాగితాలు, సగం చింపి తెరవనివే. కూర్చోగానే ఫోన్ తీసి బల్ల మీద బోర్లా పెట్టాడు. అది మోగినప్పుడల్లా వాడి భుజాలు బిగుసుకుంటున్నాయి. ఎవరిదో చూడటం లేదు. నా కంటే ఆరేళ్లు చిన్నవాడు, నా చంకలో పెరిగినవాడు, నా ఎదురుగా ముద్దాయిలా కూర్చున్నాడు.

నా నాలుక చివర చాలా మాటలు ఉన్నాయి. ఇంత దాకా ఎందుకు తెచ్చుకున్నావు? అవసరమా ఆ వాహనం? ముందే ఎందుకు చెప్పలేదు? అన్నీ మింగాను. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో ఒక ఆజ్ఞ ఉంది. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం అవతలివాడి ఇంట్లోకి వెళ్లకూడదు. బయటే నిలబడాలి. అప్పు తీసుకున్నవాడే దాన్ని బయటికి తెచ్చి ఇవ్వాలి. పేదవాడైతే, కప్పుకుని పడుకోవడానికి ఆ వస్త్రాన్ని పొద్దు గూకేసరికి తిరిగి ఇచ్చేయాలి. అప్పు ఉన్నవాడికి కూడా ఒక గడప ఉంటుందని, దాన్ని ఎవరూ దాటకూడదని దేవుడు ధర్మశాస్త్రంలో రాయించాడు. ఇంతకంటే మర్యాద ఇంకేం కావాలి? నేను అప్పు ఇచ్చినదాన్ని కూడా కాదు. వాడు ఏం బయటికి తెస్తే అదే చూద్దామనుకున్నాను.

ప్రార్థన చేసి మొదలుపెట్టాం. చిన్న ప్రార్థనే. అప్పుడు నోట్‌బుక్ తీసి ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, వాయిదా తేదీ ఎప్పుడు అని గీతలు గీసి రాశాం. నాలుగు అప్పులు తేలాయి. చేబదులు తెచ్చిన దానికి నెలకు 3 శాతం వడ్డీ. "మూడే కదా అనుకున్నాను అక్కా" అన్నాడు. వడ్డీ కట్టకుండా అసలులో కలుపుకుంటూ పోతే ఏడాదికి అది 42 శాతం దాటుతుందని లెక్క వేసి చూపిస్తే కాసేపు ఆ కాగితం వైపే చూశాడు. క్రెడిట్ కార్డుకేమో ప్రతి నెలా మినిమమ్ మాత్రమే కడుతున్నాడు. అందులో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది, అసలు దాదాపు కదలదు.

ఏది ముందు తీర్చాలన్నదాని మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. ఎక్కువ వడ్డీ ఉన్నది ముందు తీర్చేస్తే డబ్బు ఎక్కువ మిగులుతుంది, లెక్క ప్రకారం అదే సరి. కానీ ఒక స్నేహితుడి దగ్గర తెచ్చిన చిన్న అప్పు వాడిని ఎక్కువ తినేస్తోంది. అతనిది వడ్డీ లేని సాయం, అడగడు కూడా. అతనున్న చోటికి వెళ్లడం మానేశాడట. నా స్నేహితురాలు గుర్తొచ్చింది. మేము ఇచ్చే డబ్బులో ముందు అది తీర్చెయ్, మిగిలింది చేబదులుకు కట్టు అని చెప్పాను. లెక్కల మాస్టారు ఒప్పుకోడేమో, నాకు మాత్రం ఇదే సరి అనిపించింది.

"ఇంట్లో ఏముంది?" అని అడిగాను. అప్పులవాళ్లు వచ్చి కొడుకులను తీసుకుపోతారని ఏడ్చిన విధవరాలిని ఎలీషా ప్రవక్త అడిగిన ప్రశ్నే ఇది. ఆమె లాగే వీడూ "ఏమీ లేదు" అన్నాడు. కాసేపయ్యాక, వాయిదాల మీద కొన్న రెండో వాహనం కదలకుండా పడి ఉందన్నాడు. అమ్మేస్తే ఆ లోన్ దాదాపు క్లోజ్ అవుతుంది. ఆమె దగ్గరున్న కాస్త నూనే అడిగి తెచ్చుకున్న గిన్నెలన్నీ నింపేసింది. ఆ కథ ఉన్న 2 రాజులు 4వ అధ్యాయం చదివిన ప్రతిసారీ మనం పొంగిన నూనె దగ్గరే ఆగిపోతాం. నూనె అమ్మి అప్పు తీర్చమని ఆ తర్వాత ప్రవక్త చెప్పాడు. గిన్నెలు అడిగి తెచ్చుకోవడం, నూనె అమ్మడం, అప్పు కట్టడం అన్నీ ఆమె చేయాల్సిన పనులే. ప్రార్థన చేస్తే అప్పు మాయమవుతుందని వీడికి ఎవరో చెప్పారట. అలాంటి మాటలు వింటే నాకు కోపం వస్తుంది.

మధ్యలో ఉన్నట్టుండి అడిగాడు. "చర్చికి దశమభాగం ఇవ్వడం ఆపేశానక్కా. అందుకే దేవుడు ఇలా చేస్తున్నాడా?"

పెన్ను కింద పెట్టేశాను. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు, అతని స్నేహితులు గుర్తొచ్చారు. ఆ స్నేహితులు ఏడు రోజులు ఏడు రాత్రులు అతనితో పాటు నేల మీద మౌనంగా కూర్చున్నారు. అంత వరకు వాళ్లు మంచి స్నేహితులే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే చెడిపోయింది. "కాదురా" అన్నాను. ఇంకేం చెప్పాలో తెలియలేదు. పక్కన వెళ్లి కూర్చున్నాను. వాడు ఏడుస్తుంటే వీపు నిమిరాను, చిన్నప్పుడు చేసినట్టే.

మొహం కడుక్కుని వచ్చాక, నేను అడగకుండానే, కవరు అడుగు నుంచి ఇంకో కాగితం తీశాడు. ఐదో అప్పు. మరదలి నగలు తాకట్టు పెట్టాడు. ఆమెకు తెలుసు గానీ, విడిపించానని అబద్ధం చెప్పాడు. నేను తవ్వి అడిగి ఉంటే ఆ కాగితం అడుగునే ఉండిపోయేది.

"దీని గురించి నేను మాట్లాడను. నువ్వే చెప్పాలి, ఈ రాత్రే" అన్నాను. తల ఊపాడు.

సంతకం పెట్టలేనని కూడా అప్పుడే చెప్పాను. కారణం మొత్తం చెప్పాను, నా స్నేహితురాలి సంగతితో సహా. కొంచెం మొహం వాడిపోయింది. అంతకుముందే ఆయన తెచ్చి పెట్టిన కవరు చేతిలో పెట్టి, "ఇది అప్పు కాదు, రాసుకోకు" అన్నాను. అయినా నోట్‌బుక్‌లో ఒక మూల మా పేరు రాసుకున్నాడు. కొట్టెయ్యమని బలవంతం చేయలేదు. అది వాడి గౌరవం. మళ్లీ శనివారం కలిసి లెక్క చూసుకుందామని, వాయిదాలు తగ్గిస్తారేమో ఒక్కొక్కళ్లకీ వాడే ఫోన్ చేసి అడగాలని అనుకున్నాం.

వాడు వెళ్లాక ఆయన, నేను కాసేపు మాట్లాడకుండా కూర్చున్నాం. అమ్మ ఉంటే ఏం చేసేదో అనుకున్నాను.

ఇది రాస్తుండగా పదకొండు దాటాక మరదలి నుంచి మెసేజ్ వచ్చింది. "వదినా, మీ తమ్ముడు అంతా చెప్పారు. చాలా కోపంగా ఉంది. ఇద్దరం కాగితాలు ముందేసుకుని కూర్చున్నాం. చేబదులు వడ్డీ నెలకా, ఏడాదికా?"

నెలకి అని రాసి పంపాను.