చొక్కా గుండీ అంత నల్ల మచ్చ

నవంబరులో వానలు రెండు రోజులు తెరిపిచ్చాయని ఇంటి వెనక ఖాళీ ప్లాటులో పొన్నగంటికూర కోయడానికి వెళ్ళాను. మేముండేది చెన్నైలో, తాంబరం దాటాక వచ్చే పెరుంగళత్తూరులో. ఆ ప్లాటు నిండా మోకాలెత్తు గడ్డి, పందికొక్కుల బొరియలు. గడ్డిలోనే కూర్చుని అరగంట కోశాను. ఏదీ కుట్టినట్టు కూడా అనిపించలేదు.

పది రోజులకి జ్వరం పట్టుకుంది. నూట మూడు. కళ్ళ వెనక నుంచి తల బద్దలైపోతున్నట్టు నొప్పి. దగ్గర్లోని ఆసుపత్రిలో డెంగ్యూ పరీక్ష నెగెటివ్ వచ్చినా, ప్లేట్‌లెట్లు డెబ్భై వేలకి పడ్డాయని చేర్చుకున్నారు. సెలైన్లు, పూటకో రక్త పరీక్ష, రోజూ ఒక ఖరీదైన యాంటీబయాటిక్ ఇంజెక్షన్. నాలుగు రోజులైనా జ్వరం దిగలేదు.

"ఇంకేదైనా జ్వరమేమో సార్?" అని మా ఆయన అడిగితే ఆ డాక్టరు ఫైలులోంచి తలెత్తలేదు. "సీజన్ అండీ. ఊరంతా ఇవే జ్వరాలు. మీ మిసెస్ కొంచెం ఎక్కువ టెన్షన్ పడుతున్నారు, అంతే." ఆ మాట నాకింకా మంటగానే ఉంది. నాలుగు రోజుల్లో ఆయన ఒక్కసారి కూడా నా ఒంటి మీద చెయ్యి వేసి చూడలేదు.

అయిదో రాత్రి ఊపిరి అందడం మానేసింది. పడుకుంటే రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టు, లేస్తే కళ్ళు తిరుగుతున్నట్టు. ఇక్కడ వెంటిలేటరు లేదు, వేరే చోటికి తీసుకెళ్ళండి అన్నారు. అంబులెన్సులో ఆక్సిజన్ ఎంతుందో చూపించడానికి వేలికి పెట్టిన క్లిప్పు వైపే చూస్తూ పడుకున్నాను. 88. 87. 86. మా వాడికి పదో తరగతి. వాడికి రేపు పొద్దున ఇంత అన్నం ఎవరు పెడతారా అన్న ఆలోచన తప్ప ఇంకేమీ లేదు. నెల్లూరులో మా అమ్మ ఆ అర్ధరాత్రే పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకుందట.

కొత్త ఆసుపత్రిలో గౌను మారుస్తున్న నర్సమ్మ టక్కున ఆగింది. చిత్తూరు పిల్ల. "అక్కా, ఇదేంది? సిగరెట్టుతో కాల్చినట్టుందే?" ఎడమ రొమ్ము కింద మడతలో చొక్కా గుండీ అంత నల్లటి పక్కు, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి లేదు, దురద లేదు. స్నానం చేసేటప్పుడు నేనూ చూశాను. బ్రా రాసుకుని ఒరిసిందనుకున్నాను. మగ డాక్టరుకి అక్కడ చూపించి చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను కూడా.

ఆ అమ్మాయి డ్యూటీ డాక్టరమ్మని లాక్కొచ్చింది. ఆవిడ టార్చి వేసి చూసి, చంకలో బిళ్ళ కట్టిందేమోనని తడిమి, "స్క్రబ్ టైఫస్. రిపోర్టు వచ్చేదాకా ఆగొద్దు, మందు ఇప్పుడే మొదలుపెడదాం" అంది.

పేరు దగ్గరగా ఉన్నా దీనికీ టైఫాయిడ్‌కీ సంబంధం లేదు. సాలీడు జాతికి దగ్గరైన చిగ్గర్ అనే పిల్ల పురుగు కుడితే వస్తుంది. మిల్లీమీటరులో అయిదో వంతుంటుంది, కంటికి ఆనదు. పొదల్లో, ఎలుకలు తిరిగే గడ్డిలో ఉండి, మనిషి తగలగానే ఎక్కి, మడతలున్న చోటు వెతుక్కుంటుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. ఇది తెలియక మా పక్కింటివాళ్ళు నెల రోజులు మా గడప తొక్కలేదు.

నన్ను రగిలించే సంగతి ఇంకొకటి. మొదటి చోట రోజూ ఎక్కించిన ఆ ఖరీదైన ఇంజెక్షన్ ఈ జబ్బు తెచ్చే బాక్టీరియా మీద పనిచెయ్యనే చెయ్యదు. పనిచేసేది కొద్ది రూపాయల డాక్సీసైక్లిన్. నాకు ఊపిరితిత్తుల దాకా పాకింది కాబట్టి దానితోపాటు అజిత్రోమైసిన్ కూడా నరానికే ఎక్కించారు. ముదిరిన కేసుల్లో రెండూ కలిపి ఇస్తే మేలని వేలూరు సీఎంసీ ఆధ్వర్యంలో జరిగిన పరిశోధన 2023లో తేల్చిందని డాక్టరమ్మే చెప్పింది. రెండో రోజు సాయంత్రానికి ఒళ్ళు చల్లబడింది. రసం అన్నం రెండు ముద్దలు తిని ఏడ్చాను.

వానాకాలంలో, ఆ తర్వాత చలి నెలల్లో నాలుగైదు రోజులైనా దిగని జ్వరం వస్తే స్క్రబ్ టైఫస్ అని పేరు పెట్టి అడగండి. చంకలు, గజ్జలు, నడుము, రొమ్ముల కింద, చెవుల వెనక ఇంట్లో ఎవరిచేతనైనా చూపించుకోండి. మచ్చ కనిపించకపోయినా ఊరుకోకండి, అందరికీ పడదు. ఇప్పుడు నేను బట్టలు తీగ మీదే ఆరేస్తున్నాను, పొదల మీద వెయ్యను. ఆ ప్లాటు ఓనరుని నాలుగుసార్లు అడిగి గడ్డి కొట్టించాం.

ఫిబ్రవరిలో మొక్కు తీర్చుకోవడానికి పెంచలకోన వెళ్ళాం. చుట్టూ అడివి. నిండు చేతుల జాకెట్టు, కాళ్ళకి మేజోళ్ళు వేసుకున్నాను, పాదాలకి దోమల క్రీము రాసుకున్నాను. ఇంటికి రాగానే అమ్మ వేన్నీళ్ళు కాచి, సబ్బుతో ఒళ్ళు రుద్ది, చీర కట్టుకోనివ్వకుండా నన్ను లైటు కింద నిలబెట్టింది. కళ్ళద్దాలు పెట్టుకుని వీపంతా, మెడ వెనకంతా వేలితో తడుముతూ చూసింది. "చెయ్యెత్తమ్మా" అంది. ఎత్తాను.