పాట శ్రుతి మైకు ముందున్న గొంతుకా, కూర్చున్న జనానికా?

నల్లగొండ, పాలమూరు క్రైస్తవ సంఘాల్లో ఆదివారం ఆరాధనలో తరచూ జరిగేదే. యూట్యూబ్‌లో విన్న శ్రుతిలోనే కీబోర్డు ఎత్తుకుంటుంది. పల్లవి బాగానే నడుస్తుంది, చరణం పైకెక్కేసరికి సగంమంది నోళ్లు మూతపడతాయి. జనం పాడలేని పాట ఎంత తియ్యగా ఉన్నా కచేరీయే.

ముందు పాటలో అన్నిటికన్నా కింది స్వరం, పై స్వరం చూసుకోండి. మగవాళ్లు ఒక స్థాయిలో, ఆడవాళ్లు దాని పై స్థాయిలో పాడతారు కాబట్టి, సంఘం గొంతు ఇబ్బంది లేకుండా పలికేది కీబోర్డు మీద కింది ఏ (A) నుంచి పై డి (D) దాకా. షడ్జం (స) నుంచి పై షడ్జం దాకా నడిచే పాటకు ఒకటి లేదా ఒకటిన్నర శ్రుతి, అంటే సి, సి షార్ప్ సరిపోతుంది. మంద్ర పంచమం (కింది ప) నుంచి మధ్య పంచమం దాకా తిరిగే పాటను అక్కడే పెడితే కిందిభాగం గొణుగుడవుతుంది. దాన్ని నాలుగు శ్రుతికి, అంటే ఎఫ్‌కు తెండి. అప్పుడు రెండు చివరలూ సి దగ్గర ఆగుతాయి. ఈస్టర్ తెల్లవారుజామున ఇంకో మెట్టు దించినా తప్పులేదు, గొంతులు అప్పటికి విచ్చుకోవు. కీబోర్డులో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కినవాళ్లు పాట అయ్యాక సున్నాకు తేకపోతే తర్వాతి పాటలో గిటారు ఒక దారి, కీబోర్డు ఒక దారి.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పాట పైనే రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. కుర్రాళ్లు అది చూడకుండా నేరుగా కార్డ్స్‌కి, అంటే కలిపి నొక్కే స్వరాలకి పోతారు. మోహన రాగంలో మ, ని లేవు. సి శ్రుతిలో ఎఫ్ మేజర్ పట్టుకుంటే మ దూరుతుంది, జీ మేజర్ పట్టుకుంటే ని దూరుతుంది. రాగం అక్కడే చెడుతుంది. సి, ఏ మైనర్ చాలు. జీ కావాలంటే సస్ ఫోర్ పట్టండి, జీ, సి, డి మూడూ రాగంలోవే. ఏడు దెబ్బల మిశ్రచాపు తాళం పాటకు కీబోర్డులోని నాలుగు దెబ్బల స్టైల్ వేయడం మాత్రం క్షమించరానిది.

కొత్త పాట కట్టేవాళ్లు ఊపిరి ఎక్కడ తీస్తారో ముందే రాసుకోవాలి. “రక్షకుడా”లో “రక్ష” దగ్గర ఊపిరి తీసి, ఆపైన “కు”ను సాగదీస్తే వినేవాళ్లకు “కూడా” అని వినబడుతుంది. అక్షరం మార్చలేకపోతే బాణీ మార్చండి.

క్రిస్మస్ ఊరేగింపులో డప్పు ఉంటేనే అందం. పాట నడుస్తున్నంతసేపూ సిర్ర (డప్పు వాయించే లావు పుల్ల) గట్టిగా పడితే మాత్రం మాటలు మునుగుతాయి, చరణానికీ చరణానికీ మధ్యే దాన్ని గట్టిగా వేయాలి. డిసెంబరు మంచుకు తోలు సడలి శబ్దం బొద్దుబారుతుంది. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి బయల్దేరే ముందే గడ్డిమంట మీద కాపుకోండి, పాట మొదలయ్యాక కుదరదు.