బొండాం డొప్ప వెళ్ళిన దారి

మెరీనాలో రోడ్డు దిగి పది నిమిషాలు నడిచినా సముద్రం రాలేదు. జూన్ నెల, మధ్యాహ్నం మూడున్నర. చెప్పుల్లో దూరిన ఇసుక పెనం మీంచి దులిపినట్టు చురుక్కుమంటోంది. భుజం మీద ఎనిమిదేళ్ళ మేనకోడలు. "ఇంకొంచెమే మావయ్యా" అని నాకే ధైర్యం చెబుతోంది. మా విశాఖలో అయితే ఆర్.కె. బీచి రోడ్డు దాటి మెట్లు దిగితే చాలు, కాళ్ళు తడుస్తాయి. ఇక్కడ సగటున 300 మీటర్ల ఇసుక. ఎవరికోసం ఇంత పోగేశారో అని విసుక్కున్నాను.

వచ్చింది చెల్లెలి గృహప్రవేశానికి. మద్రాసు ఉత్తరపు కొసన తిరువొత్తియూరులో ఫ్లాటు కొన్నారు. కోరమండల్ ఆలస్యం, పాలు పొంగడం, బంతి భోజనాలు అన్నీ అయిపోయి, మూడో రోజు ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డాక పిల్ల నా మీద పడింది, బీచికి తీసుకెళ్ళమని. "బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తోంటే మళ్ళీ మెరీనా ఎందుకే?" అన్నాను. "అక్కడ బీచి లేదు మావయ్యా. రాళ్ళే." పిల్లలు అలాగే అంటారులే అనుకున్నాను.

గాలి లేదు. ఉన్నా పడమటి గాలి, వడగాలికి చెల్లెలు. నీళ్ళకంటే నేల తొందరగా కాగుతుంది, దాని మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి చొరబడుతుంది. మద్రాసులో ఎండాకాలం బతకగలుగుతున్నారంటే ఆ గాలి పుణ్యమే. కానీ జూన్‌లో పడమటి గాలి బలంగా ఉంటే సముద్రపు గాలి ఊళ్ళోకి రావడానికి సాయంత్రం దాకా తంటాలు పడుతుంది. ఆవేళ నాలుగు దాటినా రాలేదు. సుండల్, అదే గుగ్గిళ్ళు, పొట్లం యాభై రూపాయలు. మామిడికాయ ముక్కలు నాలుగు లెక్కపెట్టి వేశాడు.

బొండాం తాగాక పిల్ల డొప్పని నీళ్ళలోకి విసిరింది. అల దాన్ని ఒడ్డుకి తోసింది, వెనక్కి లాక్కుంది, మళ్ళీ తోసింది. ఏం తోచక నేనూ దాన్నే చూస్తూ కూర్చున్నాను. మా చెప్పులు విడిచిన చోటికి ఎదురుగా పడిన డొప్ప, కాసేపటికి పక్కన ఫొటోలు తీసుకుంటున్న జంట దగ్గరికి చేరింది. ఇంకాసేపటికి గుర్రం వాడి దగ్గరికి. ప్రతిసారీ ఎడంపక్కకే, అంటే ఉత్తరానికే.

పరీక్షగా చూస్తే సంగతి తెలిసింది. అల ఒడ్డుకి తిన్నగా రావడం లేదు, దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వస్తోంది. వెనక్కి మళ్ళేటప్పుడు మాత్రం పల్లానికి నేరుగా జారుతోంది. అంటే ఎక్కినప్పుడు ఓ మూల, దిగినప్పుడు ఇంకో మూల. అలా ఒక్కో అలకీ డొప్ప మూరెడో బారెడో ఉత్తరానికి జరుగుతోంది. డొప్పతోపాటు ఇసుక కూడా. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో అలలు అటునుంచి వస్తాయి కాబట్టి ఇసుక దక్షిణానికి నడుస్తుంది. కానీ ఆ నడక కొద్ది నెలలే. ఏడాది మొత్తం కూడి తీసేస్తే మన తూర్పు తీరంలో ఇసుక ప్రయాణం ఉత్తరానికే.

"ఇలా పోతూ పోతూ మా ఇంటికొస్తుందా?" అంది పిల్ల. నేను ఉత్తరం వైపు చూశాను. హార్బరు క్రేన్లు కనిపించాయి. రాదమ్మా, మధ్యలో గోడ ఉంది.

ఆ గోడే ఈ ఎడారిని పోగేసింది. 1876లో ఇక్కడ హార్బరు కోసం సముద్రంలోకి రాతి గోడలు కట్టడం మొదలెట్టారు. 1881 నవంబరు తుపానులో చాలా భాగం కొట్టుకుపోతే మళ్ళీ కట్టారు. మొదట్లో ఓడలు వచ్చే ద్వారం తూర్పుకే ఉండేది. అక్కడ ఇసుక మేట వేస్తోందని తర్వాత దాన్ని మూసి ఈశాన్యం వైపు తెరిచారు. హార్బరుకి ముందు అలలు ఇప్పటి రోడ్డుకి దగ్గర్లోనే విరిగేవట. గవర్నర్ గ్రాంట్ డఫ్ 1880లలో ఒడ్డున నడక దారి వేయించి, ఇటలీ జ్ఞాపకంతో మెరీనా అని పేరు పెట్టాడు. ఆయన పేరు పెట్టిననాటికి ఇంత ఇసుక లేదు. ఉత్తరానికి పోవలసిన ఇసుక గోడకి దక్షిణాన ఆగిపోయి, ఏటా కాస్త కాస్త పేరుకుంటూ సముద్రాన్ని వెనక్కి నెట్టింది.

తిరుగుదారిలో ఆటో అడిగితే ఐదువందలన్నాడు. నాలుగువందల యాభైకి దిగాడు. నా తెలుగు విని "మన వాళ్ళేనా సార్" అని మురిసిపోయాడు గానీ ఇంకో రూపాయి తగ్గలేదు. నేపియర్ వంతెన మీద కూవం నది కంపుకి పిల్ల ముక్కు మూసుకుంది. ఆ కంపులో కూడా ఇసుకకి వాటా ఉంది. వానాకాలంలో తప్ప కూవానికి ఊపు ఉండదు, ఇసుక తిన్నె దాని నోటికి అడ్డం పడుతుంది, నీళ్ళు లోపలే మగ్గుతాయి.

కోట దాటి, హార్బరు గోడ వెంబడి రాయపురం. కాశిమేడు దగ్గర చేపల వాసన. ఆ తర్వాత కుడిపక్కన సముద్రం తెరుచుకుంది. బీచి లేదు. పిల్ల అబద్ధం చెప్పలేదు. నల్ల బండలు, ఒక్కోటి బీరువా అంత, రోడ్డు పొడవునా గుట్టగా పోసి ఉన్నాయి. అల వచ్చి వాటిని కొట్టుకుని తుంపరై పైకి లేస్తోంది.

"మా తాత ఒంగోలు పక్కనుంచి హార్బరు పనికి వచ్చినాడు సార్. నేను పుట్టింది ఈడనే, రాయపురం. మా నాయన చెప్పేవాడు, ఆ రాళ్ళు ఉండాయి చూడండి, దానికి ఆ పక్క వాళ్ళు కబడ్డీ ఆడినారంట" అన్నాడు డ్రైవరు.

"ఇప్పుడు సముద్రం కదా?"

"ఔను సార్. సముద్రం ఆడుతుండాది."

మధ్యమధ్య ఒడ్డునుంచి నీళ్ళలోకి చేతుల్లా చాచిన రాళ్ళ గట్లు ఉన్నాయి. ఒకచోట ఆటో ఆపించి దిగాను. గట్టుకి దక్షిణపు మూల, నాలుగు పడవలు లాగి పెట్టుకునేంత ఇసుక చేరింది. ఉత్తరపు మూల నీళ్ళు నేరుగా రాళ్ళనే కొరుకుతున్నాయి. మెరీనానీ తిరువొత్తియూరునీ పెరటంత చేసి చూపినట్టుంది. డ్రైవరు హారన్ కొట్టాడు, వెయిటింగుకి ఇరవై వేస్తానన్నాడు.

మళ్ళీ ఎక్కాక మా ఊరే గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాన్నతో బీచికి వెళ్తే, పెద్ద గొట్టంలోంచి నల్లటి ఇసుకనీళ్ళు ఒడ్డున చిమ్ముతుండేవి. దగ్గరికెళ్తే బట్టలు పాడవుతాయని నాన్న కసిరేవాడు. మా పోర్టు 1933లో తెరిచారు. దాని ద్వారం కాపాడ్డానికి రెండు పాత ఓడల్ని ముంచి మరీ అడ్డం వేశారు. అక్కడ ఆగిన ఇసుకని తవ్వి ఇవతల ఆర్.కె. బీచిలో పోస్తారని నాకు ఉద్యోగం వచ్చాక గానీ తెలియలేదు. పోసినా సరిపోక ఒడ్డు కోసుకుపోయిన ఏళ్ళున్నాయి. హుద్‌హుద్ తర్వాత బీచి రోడ్డు అంచు ఊడి పడింది, చూశాను. ఇంతకీ మెరీనా ఇసుక మీద విసుక్కున్న నేను, పెరిగింది అరువిసుక మీద.

ఇల్లు చేరేసరికి చీకటి పడింది. ఆలస్యంగా వచ్చిన సముద్రపు గాలి బాల్కనీలో తువ్వాళ్ళని ఎగరేస్తోంది. చెల్లెలు మజ్జిగ తెచ్చింది. పిల్ల గ్రిల్లుకి మొహం ఆనించి కిందకి చూస్తోంది.

"డొప్ప రాలేదు మావయ్యా."

"సముద్రం వైపు కావాలని చదరపు అడుగుకి మూడొందలు ఎక్కువ పెట్టాం" అన్నారు బావగారు. "ఎలా ఉంది వ్యూ?"

"బాగుంది బావగారూ. ఆ రాళ్ళు ఎప్పటివి?"

"మేం కొనకముందువే. మొన్న ఇంకో నాలుగు లారీలు పోశారు కూడా. మంచిదేగా?"