ఫిలాసఫీ ఆప్షనల్: లైబ్నిజ్, హ్యూమ్, చెడు సమస్య

సివిల్స్‌కి ఫిలాసఫీ ఆప్షనల్ తీసుకున్నవాళ్లలో చాలామంది జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్‌ని పేపర్-1 నోట్సులో, చెడు సమస్యని (దేవుడు మంచివాడూ సర్వశక్తుడూ అయితే లోకంలో చెడు ఎందుకన్న ప్రశ్న) పేపర్-2 నోట్సులో విడివిడిగా రాసుకుంటారు. రెండూ ఒకే కట్టలో పెట్టుకుని చదవండి.

‘సాధ్యమైన లోకాల్లో ఇదే ఉత్తమం’ అని లైబ్నిజ్ అన్నాడు కాబట్టి ‘ఇక్కడ ప్రతిదీ మంచిదే’ అన్నాడని రాసేస్తారు. 1710 నాటి ‘థియోడసీ’లో లైబ్నిజ్ తూచింది మొత్తం లోకాన్ని, విడి సంఘటనని కాదు. చెడు మూడు రకాలన్నాడు: సృష్టి అన్నాక తప్పని పరిమితి, బాధ, పాపం. పాపం దగ్గర ఒక్క క్రియాపదం చూసుకోండి. దేవుడు దాన్ని ‘సంకల్పించాడు’ అంటే తప్పు, ‘అనుమతించాడు’ అనాలి. విడిగా ప్రతి మంచినీ కోరేది పూర్వ సంకల్పం. అన్నీ కలిపి తూచి ఉత్తమమైన మొత్తాన్ని ఎంచేది అనంతర సంకల్పం. ఈ తేడా రాయని ఆన్సర్ సగమే.

లైబ్నిజ్ లిస్బన్ భూకంపానికి జవాబుగా రాశాడనుకోవద్దు: అది వచ్చింది 1755 నవంబర్ 1న. లైబ్నిజ్ 1716లోనే పోయాడు. ఆయన జవాబిచ్చింది ఫ్రెంచ్ తత్వవేత్త పియర్ బేల్‌కి. చెడు విషయంలో యుక్తి నిలవదు, విశ్వాసమే దిక్కు అన్నది బేల్ వాదం.

డచ్ తత్వవేత్త స్పినోజాకి రెండు ముక్కలు చాలు: దేవుడికి ప్రయోజనాలు లేవు, మంచిచెడ్డలు మన కొలతలు. ఆయన దగ్గర సమస్య తీరడం కాదు, అసలు పుట్టదు.

స్కాట్లండ్ తత్వవేత్త హ్యూమ్ సంభాషణగా రాసిన 1779 ‘డైలాగ్స్’లో 10, 11 భాగాలు తప్పక చదవాలి. చాలామంది గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ పాత ప్రశ్న (దేవుడు చెడుని ఆపాలనుకున్నా ఆపలేడా, ఆపగలిగినా ఆపడా?) రాసి ఆపేస్తారు. అసలు దెబ్బ ఆ తర్వాతే. దయగల దేవుడూ బాధా కలిసి ఉండొచ్చని అందులోని సంశయవాది పాత్ర ఫైలో వాదన కోసం ఒప్పేసుకుంటాడు. ఉండొచ్చు సరే, ఈ కలగాపులగం లోకాన్ని చూసి అంత మంచి దేవుడున్నాడని ఎలా తేల్చావని, లోకం అమరికని చూపి దేవుణ్ణి నిరూపించే క్లియాంథీస్ అన్న పాత్రని నిలదీస్తాడు. పేపర్-2లో అనుభవ సాక్ష్యం మీద నడిచే వాదానికి మూలం ఇదే. 11వ భాగంలోని నాలుగు కారణాలు వరసగా రావాలి: ప్రాణిని నొప్పితో కదిలించడం, అన్నిటికీ ఒకే నియమాలు, శక్తులివ్వడంలో పిసినారితనం, సరిగా కుదరని అమరిక. చివరిదానికి హ్యూమ్ ఉదాహరణే వాడండి: వాన అయితే అతిగా, లేకపోతే కరువుగా.

10 మార్కులకి 150 పదాలు: సమస్యకి 25, లైబ్నిజ్‌కి 70, హ్యూమ్‌కి 55. జీవితచరిత్రకి సున్నా. బ్రహ్మసూత్రం 2.1.34కి శంకరుల భాష్యంలోనూ వానే ఉంది: వాన అందరికీ ఒకటే, వడ్లు వడ్లుగా, యవలు యవలుగా మొలిచేది విత్తనాన్ని బట్టి; అలాగే ప్రాణుల సుఖదుఃఖాల్లో తేడా వాటి కర్మని బట్టి, దేవుడి పక్షపాతం వల్ల కాదు. పోలిక అడిగితేనే రాయండి. అడక్కుండా దూరిస్తే తరిగేది హ్యూమ్ 55 పదాలే.