రెండు ఓములా, మూడు ఓములా

ఇవాళ సెకండియర్ ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్) పిల్లలకి థెవెనిన్ థీరమ్, అంటే లోడు తప్ప మిగతా సర్క్యూట్ మొత్తాన్ని ఒక వోల్టేజీ, ఒక రెసిస్టెన్స్‌గా కుదించే పద్ధతి. ఇరవై రెండు నిమిషాల వీడియో ఆదివారమే గ్రూపులో పెట్టాను, చూసి రండి, క్లాసులో లెక్కలే చేద్దామని. చూసినవాళ్ళు చెయ్యెత్తండి అంటే సగం చేతులు కూడా లేవలేదు. పైగా ముందు బెంచీలో బాగా చదివే అబ్బాయే లేచి, "మేడమ్, మీరు బోర్డు మీద చెప్తేనే క్లాసు జరిగినట్టు ఉంటుంది" అన్నాడు. మనసు చివుక్కుమంది. అలాగని వాణ్ణి తప్పుపట్టలేను. ఇంటర్ రెండేళ్ళూ పొద్దున్నించి రాత్రి స్టడీ అవర్ దాకా ఎవరో చెప్తుంటే రాసుకోవడమే చదువు అనుకున్న పిల్లలు వీళ్ళు, మన గుంటూరు, విజయవాడల్లో ఆ రెండేళ్ళు ఎలా గడుస్తాయో తెలియనిదెవరికి.

సరే, లెక్క ఇచ్చాను. 12 వోల్టుల సోర్సు, సిరీస్‌లో 6 ఓములు, తర్వాత పారలల్‌గా 3 ఓములు, దాని కొసలకి 2 ఓముల లోడు. వీడియో చూసినవాళ్ళని గుంపుకి ఇద్దరు ముగ్గురు చొప్పున కూర్చోబెట్టాను. లోడు తీసేస్తే వోల్టేజీ 4 అని అందరికీ వచ్చింది. రెసిస్టెన్స్ దగ్గర గొడవ మొదలైంది. కిటికీ వైపు వాళ్ళు 2 ఓములన్నారు, వెనక వాళ్ళు 3 అన్నారు. అందుకే లోడులో కరెంటు వీళ్ళకి 1 ఆంపియర్, వాళ్ళకి 0.8. నేను నోరు మెదపలేదు, కష్టమే అయినా. ఐదు నిమిషాలు అరుచుకున్నాక, ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి వెనక బెంచీ దాకా వెళ్ళి, "సోర్సు తీసేసి ఖాళీ వదిలేశావేంటే, అక్కడ వైరు పెట్టాలి, అప్పుడు కదా ఆరూ మూడూ పారలల్ అయ్యి రెండొచ్చేది" అని స్నేహితురాలి నోట్సులో తనే గీత గీసి చూపించింది. ఆ గీత నేను బోర్డు మీద ఎన్నేళ్ళుగా గీస్తున్నానో, పరీక్షలో మళ్ళీ ఖాళీ వదిలేసేవాళ్ళు ప్రతిసారీ ఉంటారు.

బెల్లు కొట్టాక ముందు బెంచీ అబ్బాయి మళ్ళీ అడిగాడు, ఇవాళ సిలబస్ ఏమీ కదల్లేదు కదా మేడమ్ అని. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల మీద వచ్చిన పరిశోధన గుర్తొచ్చింది. తామే లెక్కలతో కుస్తీ పట్టిన విద్యార్థులకి పరీక్షలో మార్కులు ఎక్కువొచ్చాయి, కానీ తక్కువ నేర్చుకున్నామనే వాళ్ళు అనుకున్నారు, లెక్చరు విన్నవాళ్ళేమో ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు. ఈ సంగతి మొదటి రోజే పిల్లలకి చెప్పి ఉండాల్సింది. రేపు చెప్తాను.

మధ్యాహ్నం ఆ అమ్మాయే స్టాఫ్ రూమ్‌కి వచ్చింది. వాళ్ళది పొన్నూరు దగ్గర పల్లె, ఇంట్లో ఉన్న మంచి ఫోను ఒకటే, అది రాత్రి పది దాకా తమ్ముడి చేతిలో ఉంటుంది. వీడియో బస్సులో చూసిందట, సౌండు సరిగ్గా వినపడక ఇంగ్లీషు అర్థంకాని చోట ఆపి, వెనక్కి తిప్పి, మూడుసార్లు. "పది నిమిషాల ముక్కలుగా చేసి, మధ్యలో తెలుగులో కూడా చెప్తారా మేడమ్? టెన్త్ దాకా నాది తెలుగు మీడియం" అంది. చూడని వాళ్ళందరినీ బద్ధకస్తులని పొద్దున మనసులో తిట్టుకున్నాను, ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. అసలు 2007లో కొలరాడోలో ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు, బెర్గ్‌మన్, శామ్స్, పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టింది ఆటల పోటీలకని దూరాలు వెళ్ళి క్లాసులు పోగొట్టుకుంటున్న పిల్లల కోసమే. బస్సులో ఉన్న పిల్లని దృష్టిలో పెట్టుకుని పుట్టిన పద్ధతిని నేను వైఫై ఉన్న ఇంటి లెక్కలో చేస్తున్నాను.

రాత్రి తొమ్మిదిన్నరకి తర్వాతి పాఠం నార్టన్ థీరమ్ (అదే సర్క్యూట్‌ని వోల్టేజీకి బదులు కరెంటు సోర్సుతో కుదించడం) రికార్డు చేయడానికి కూర్చున్నాను. ఫ్యాను శబ్దం మైకులో పడుతోందని ఆపేశాను, చెమటలు. మొదటి ముక్క ఎనిమిది నిమిషాలకి వచ్చింది. "లోడు తీసెయ్యండి, ఆ రెండు కొసలకీ ఒక వైరు కలపండి, ఇప్పుడు ఆ వైరులో ఎంత కరెంటు పోతోందో చూద్దాం" అని తెలుగులోనే మొదలుపెట్టాను.