అరచేతిలో పునీతులు

సకల పునీతుల పండుగ (ఆల్ సెయింట్స్ డే) దగ్గరపడింది. మా డాలస్ ఇంట్లో డైనింగ్ టేబుల్ నిండా చెక్క బొమ్మలే. మా చర్చిలో తల్లులం తలా ఒకరిద్దరు పునీతుల్ని పెయింట్ చేసి, పిల్లల కోసం ఒకరికొకరం ఇచ్చిపుచ్చుకుంటాం.

నా వంతుకు మదర్ తెరెసా వచ్చింది. తేలికే అనుకుంటారు గానీ, ఆ తెల్లచీరకు మూడు నీలం గీతలు: అంచుది వెడల్పు, మిగతా రెండూ సన్నం. గుండ్రటి చెక్క మీద అవి వంకర పోకుండా గీయాలంటే ఊపిరి బిగబట్టాల్సిందే. ముందే సాండ్‌పేపర్‌తో నున్నగా రుద్దకపోతే రంగు చెక్క నారల వెంట పాకేస్తుంది. కళ్లకు కుంచె వద్దు, టూత్‌పిక్ మొనతో రెండు చుక్కలు చాలు. నోరు మాత్రం పెట్టను. పెడితే అందరూ ఒకేలా నవ్వుతారు, నాకు నచ్చదు.

తర్వాత, విశ్వాసం కోసం సంకెళ్ల పాలై, 2022లో పునీతుడైన దేవసహాయం. ఆయన సంకెళ్లకు వెండి రంగు సరిపోతుందా, సన్న గొలుసు కొనాలా? అమ్మేమో ఫోన్లో "గుణదల మాతను ఎప్పుడు చేస్తావే?" అంటోంది.